రిక్తహస్తాన్ని చూచినదెవరు?

గాలిలో చేయి త్రిప్పి విభూతిని రప్పించిన మహానుభావుని గూర్చి చెప్పే ప్రతి భక్తుడూ ఇంచుమించు ఒకే వాక్యంతో మొదలుపెడతాడు: "చేయి ఖాళీగా ఉంది, కళ్లారా చూశాను." వృత్తాంతమంతా ఆ ఒక్క వాక్యం మీదనే నిలుస్తుంది. ఉంగరమైనా, రుద్రాక్షయైనా, చిన్న శివలింగమైనా శూన్యంలో నుంచి వచ్చిందని చెప్పాలంటే, అంతకుముందు అక్కడ శూన్యమే ఉన్నదని తెలిసి ఉండాలి. ఆ జ్ఞానం భక్తునికి ఏ ప్రమాణం వల్ల కలిగింది? నాస్తికుడు అడిగితే ఈ ప్రశ్న దైవదూషణగా వినబడుతుంది. నిజానికి దీనిని నాస్తికుని కంటే ఎంతో ముందు, ఎంతో నిశితంగా అడిగినవారు మీమాంసకులు, వేదాంతులు. నేటి భక్తసమాజంలో శ్రద్ధ అన్న పేరుతో చెలామణి అవుతున్నదానిలో అధికభాగం ఈ ప్రశ్నను అడగకపోవడమే.

వస్తువు ఉన్నదని తెలియడం సులభం. లేదని తెలియడం అంత సులభం కాదు. అందుకే భాట్టమీమాంసకులు, వారిననుసరించి అద్వైతులు, అభావజ్ఞానానికి అనుపలబ్ధి అన్న ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు. నైయాయికులు దానిని వేరు ప్రమాణంగా ఒప్పుకోకపోయినా, దానికి విధించిన నియమాన్ని మాత్రం కాదనలేదు. ఆ నియమం పేరు యోగ్యత. ఉంటే తప్పక కనబడి ఉండేది కనబడనప్పుడే అది లేదని నిశ్చయించవచ్చు. వెలుతురున్న నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిగదిలో కనబడకపోతే ఏమీ తేలదు. ధర్మాధర్మాలు కంటికి కనబడవు. అంతమాత్రాన అవి లేవని చెప్పరాదు, ఎందుకంటే అవి కంటికి యోగ్యమైనవే కావు. 17వ శతాబ్దంలో ధర్మరాజాధ్వరీంద్రుడు రచించిన వేదాంతపరిభాషను చదువుకొన్న ప్రతి విద్యార్థికీ ఈ విషయం కంఠస్థం. మఠంలో ఉదయం దీనిని పాఠంగా వల్లించిన విద్యార్థే సాయంకాలం సభలో చేతి వెనుకభాగాన్ని చూచి "ఖాళీ" అని నిశ్చయిస్తే, ఉదయపు పాఠం ఎందుకు పనికివచ్చినట్లు?

హస్తలాఘవమన్న కళ సమస్తమూ ఈ యోగ్యతానియమాన్ని ప్రేక్షకుడు మరచిపోవడం మీదనే ఆధారపడి ఉంది. వాత్స్యాయనుడు కామసూత్రాలలో చెప్పిన చతుష్షష్టి కళలలో ఐంద్రజాలం ఒకటి, హస్తలాఘవం వేరొకటి. రెండింటినీ విడదీసి చెప్పడంలోనే పూర్వుల సూక్ష్మదృష్టి తెలుస్తుంది. మొదటిది ప్రదర్శన, రెండవది దానికి ఆధారమైన చేతిపని. ఆ చేతిపని స్వరూపమేమిటో భక్తులు తెలుసుకోవడం అవసరం.

ఒక నాణేన్ని అరచేతి నడుమ ఉంచి, బొటనవ్రేలి మొదట ఉన్న కండను, దానికి ఎదుటనున్న అరచేతి అంచును స్వల్పంగా బిగిస్తే నాణెం అక్కడ నిలిచిపోతుంది. చేయి బోర్లించినా పడదు. అయిదు వ్రేళ్లూ స్వేచ్ఛగా ఉంటాయి. ఆరితేరినవాడు అదే చేతితో రుమాలు దులుపుతాడు, కర్ర పట్టుకొంటాడు, ఎదుటివాని భుజం తడతాడు. ఇంకొక పద్ధతిలో వస్తువు మధ్యమ, అనామికల మొదట ఇమిడి ఉంటుంది. విశ్రాంతిగా వ్రేలాడే మనిషి చేతి వ్రేళ్లు సహజంగానే సగం ముడుచుకొని ఉంటాయి కనుక ఆ ముడత ఎవరికీ అనుమానం కలిగించదు. ప్రారంభదశలోని అభ్యాసి చేయి బిగుసుకొంటుంది, పట్టుబడిపోతాడు. నెలల తరబడి అద్దం ముందు సాధన చేసినవాని చేయి సడలి ఉంటుంది. సభలో ఉన్నవారికి కనబడేది ఆ సడలికే. దానినే వారు శూన్యత అనుకొంటారు. చేయి ఖాళీగా ఉన్నట్లు అతడు చెప్పలేదు, చూపనూలేదు. ఆ నిర్ణయం పూర్తిగా ప్రేక్షకునిదే.

మాయమయ్యే నాణెం సంగతి మరింత రమ్యం. ఎడమచేతి వ్రేళ్ల కొనల మధ్య నాణెం నిలిచి ఉంటుంది. కుడిచేయి వచ్చి, వ్రేళ్లు ముందునుంచి, బొటనవ్రేలు క్రిందనుంచి చేరగా, దానిని అందుకొంటుంది. అందుకొన్నట్లు కనబడుతుంది. కుడివ్రేళ్లు నాణేన్ని కప్పిన ఆ అరక్షణంలో ఎడమచేతి పట్టు సడలి, నాణెం ఆ అరచేతిలోనే జారిపడుతుంది. కుడిచేయి పిడికిలి బిగించి పక్కకు సాగుతుంది, ప్రదర్శకుని చూపు ఆ పిడికిలిని అనుసరిస్తుంది, ప్రేక్షకుల చూపులు అతని చూపును అనుసరిస్తాయి. ఎడమచేయి నిర్లక్ష్యంగా క్రిందికి వాలుతుంది. పిడికిలి విప్పితే ఏమీ లేదు. ఇక్కడ పనిచేసింది ప్రత్యక్షం కాదు, అర్థాపత్తి. పగలు తినని దేవదత్తుడు బలిసి ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని కల్పించుకొన్నట్లే, పిడికిలి బిగిసింది కనుక లోపల నాణెం ఉన్నదని బుద్ధి కల్పించుకొంది. కల్పనకు ఆధారమైన దృశ్యం సత్యమే. చేయి కదలడం సత్యం, పిడికిలి సత్యం, నాణెం కూడా సత్యమే. మిథ్య ఒక్కటే: "లోపల నాణెం ఉన్నది" అన్న నిశ్చయం. అది ప్రదర్శకుని చేతిలో పుట్టలేదు, ప్రేక్షకుని అంతఃకరణంలో పుట్టింది.

తెలుగులో దీనికి కనికట్టు అన్న పేరుంది. సొగసైన మాటే గాని, శాస్త్రదృష్టితో చూస్తే సగమే నిజం. కన్నును ఎవరూ కట్టలేదు. 2006లో గుస్టావ్ కూన్, మైకేల్ ల్యాండ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ప్రదర్శకుడు ఒక బంతిని రెండుసార్లు పైకి ఎగురవేసి పట్టుకొంటాడు. మూడవసారి ఎగురవేసినట్లు చేయి ఊపి, బంతిని చేతిలోనే దాచి, తల ఎత్తి పైకి చూస్తాడు. చూచినవారిలో సుమారు మూడింట రెండువంతుల మంది బంతి పైకి పోయి గాలిలో అదృశ్యమైనదని చెప్పారు. కాని వారి కనుపాపల కదలికలను యంత్రంతో నమోదు చేసి పరిశీలిస్తే, బంతి మాయమైనదని వారు చెప్పిన చోటికి కళ్లు వెళ్లనేలేదు. ఆ చూపులు ఎక్కువగా ప్రదర్శకుని ముఖం మీదనే నిలిచాయి. కన్ను మోసపోలేదు, లేని బంతిని బుద్ధి చూచింది. నార్మన్ ట్రిప్లెట్ అన్న మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఇటువంటి బంతితోనే బాలబాలికల మీద చేసిన పరీక్షల ఫలితాలను 1900లోనే ప్రకటించాడు. ఆవరణ విక్షేపాలను గూర్చి వేదాంతం చెప్పినదానికి ఇంతకన్న సులభమైన ఉదాహరణ దొరకదు. ఉన్నదానిని కప్పడం ఆవరణం, లేనిదానిని తోపింపజేయడం విక్షేపం. అరచేతిలో దాగిన బంతి మొదటిది, ఆకాశంలోకి ఎగసిన బంతి రెండవది. రెండూ ఒకే క్షణంలో ఏర్పడతాయి, రెండవది కలిగిన సంతోషంలో మొదటిదానిని ఎవరూ విచారించరు.

ఇక విభూతి. బూడిదలో కొద్దిగా గంజి కలిపి గుళికగా చేసి ఆరబెడతారు. అది బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మధ్యనున్న సందులోనో, వ్రేళ్ల మొదళ్లలోనో సులభంగా ఇముడుతుంది. అరచేతిని బోర్లించి గాలిలో వలయాలు చుట్టడం మంత్రశక్తికి అవసరమా? శాస్త్రంలో ఎక్కడా లేదు. హస్తలాఘవానికి మాత్రం అత్యవసరం: పెద్ద కదలిక చిన్న కదలికను మరుగుపరుస్తుంది, గుళిక వ్రేళ్ల కొనలకు జారి నలిగేదాకా చూపులు వలయం వెంట తిరుగుతూ ఉంటాయి. చిటికెడంత గుళిక నలిగితే పొడి పలచబడి విస్తరిస్తుంది, నలుగురి అరచేతులలో రాలుతుంది. బి. ప్రేమానంద్ (1930–2009) వంటి హేతువాదులు ఈ పద్ధతిని ఊరూరా వేదికల మీద చేసి చూపారు. ఆయన దర్శనం అంగీకారం కాకపోయినా ఆయన చూపిన గుళిక గుళికే. శత్రువు పట్టుకొన్న దీపమైనా వెలుగు వెలుగే గదా.

వీధిగారడీవాని మూడు గిన్నెలను చూచినవారికి ఇంకొక సూక్ష్మం తెలిసి ఉండాలి. ప్రేక్షకులు మూడు గుండ్లు ఉన్నాయనుకొంటారు. వాని దగ్గర నాలుగుంటాయి. అందరూ మొదటి గిన్నె క్రిందికి గుండు పోతున్నదని కనిపెట్టి చూస్తున్నప్పుడు, ఆ పని అప్పటికే జరిగిపోయింది. ప్రేక్షకుడు చూడడం మొదలుపెట్టిన క్షణానికి, కార్యం ముగిసిన క్షణానికి మధ్య ఎప్పుడూ ఒక అడుగు దూరం ఉంటుంది. "ఆయన వచ్చి కూర్చున్నప్పటినుంచి కన్నార్పకుండా చూశాను" అనే భక్తుని సాక్ష్యం ఇందువల్లనే వ్యర్థం. గుళిక వ్రేళ్లలోకి చేరింది ఆయన వచ్చి కూర్చోకముందు.

గారడీవానిలో దోషం లేదు. తెలుగుదేశంలో విప్రవినోదులన్న వర్గం ఇంద్రజాలప్రదర్శనతో జీవించింది, విజయనగరకాలపు శాసనాలలో వారి ప్రసక్తి ఉంది. పేరులోనే వినోదం ఉంది, మోసం లేదు. వంగదేశీయుడైన పి.సి. సర్కార్ (1913–1971) తన ప్రదర్శనకు ఇంద్రజాలమనే పేరు పెట్టుకొని లోకమంతా తిరిగాడు. 1956లో బి.బి.సి. టెలివిజన్‌లో ఒక యువతిని రంపంతో రెండుగా కోసినట్లు చూపగా, ప్రసారం అంతటితో ముగిసిపోవడంతో ఆమె నిజంగానే మరణించిందని భయపడిన ప్రేక్షకులు ఆ సంస్థకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అంతటి భ్రాంతి కలిగించగలిగినవాడు కూడా తన్ను దేవుడని చెప్పుకోలేదు, ఎవరిచేతా పాదపూజ చేయించుకోలేదు. టిక్కెట్టు కొన్నవాడు తాను దేనికి డబ్బు ఇస్తున్నాడో తెలిసి ఇచ్చాడు. అదే గుళికను, అదే అరచేతిని, కాషాయం కట్టి సింహాసనం మీద కూర్చొని వాడినవాడు మాత్రం ప్రేక్షకుని వినోదాన్ని గాక, అతని మోక్షేచ్ఛను పెట్టుబడిగా తీసుకొంటాడు. ఇంటిని తాకట్టు పెట్టినవారు, వైద్యం మాని విభూతి మ్రింగిన రోగులు, వివాహమైన పిల్లలను వదలి ఆశ్రమప్రాంగణాలలో ఏళ్లు గడిపినవారు గారడీవాని గుడారంలో తయారుకాలేదు.

ఈ వేషం కొత్తదేమీ కాదు. కౌటిల్యుడు దీనిని నిర్మొహమాటంగా వ్రాసిపెట్టాడు. అర్థశాస్త్రం అయిదవ అధికరణంలో, బొక్కసం ఖాళీ అయిన రాజు ధనం కూడబెట్టే ఉపాయాలలో, సొరంగమార్గం కలిగిన బావిలో అనేక శిరస్సుల నాగుని చూపి చూడవచ్చినవారి వద్ద ధనం వసూలు చేయమన్నది ఒకటి. పదమూడవ అధికరణంలో, సొరంగం గుండా అగ్నిచైత్యం నడుమ ప్రత్యక్షమైన గూఢచారులతో రాజు దేవతలతో మాట్లాడినట్లు మాట్లాడి శత్రుప్రజలను భ్రమింపజేయవలెనన్నాడు. ఆ బావి ప్రసంగంలో కౌటిల్యుడు జనులను రెండుగా విభజించిన తీరు గమనార్హం. శ్రద్దధానులకు సర్పాన్ని చూపాలి. అశ్రద్దధానులకు ఆచమనజలంలోనో ప్రోక్షణజలంలోనో విషద్రవ్యం కలిపి, కలిగిన వికారం దేవతాశాపమని చాటాలి. నమ్మినవానికి అద్భుతం, నమ్మనివానికి శాపం! నేటి సభలలో ప్రశ్న అడిగినవానికి "గురుద్రోహం, కులక్షయం" అని బెదిరింపు వినబడినప్పుడు, అది ఏ ఉపనిషత్తులోని వాక్యమో వెతకడం వృథా. అది రాజనీతిగ్రంథంలోని యుక్తి.

కౌటిల్యుని శ్రద్దధానునికీ, వేదాంతంలోని శ్రద్ధకూ నామసామ్యమే గాని సంబంధం లేదు. శాస్త్రగురువాక్యాలను సత్యమన్న బుద్ధితో అవధారణ చేయడం శ్రద్ధ అని ఆచార్యుల నిర్వచనం. అవధారణ అంటే నిశ్చయం, నిశ్చయానికి పూర్వం విచారణ ఉంటుంది. పైగా ఆ శ్రద్ధకు విషయం వాక్యం, ఉంగరం కాదు. ముండకోపనిషత్తు గురువుకు చెప్పిన లక్షణాలు రెండు: శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు. మూడవదిగా శూన్యంలో నుంచి వస్తువులు తీయగలవాడన్నది ఏ పాఠాంతరంలోనూ లేదు. ఆ మంత్రంలోనే శిష్యుడు మొదట లోకాలను పరీక్షించి, ఆ తర్వాతనే గురువును సమీపించాలని ఉంది. లోకాలనే పరీక్షించమన్న శాస్త్రం ఒక అరచేతిని పరీక్షించవద్దని అంటుందా?

"మరి పతంజలి సిద్ధులు చెప్పలేదా?" అన్న ఆక్షేపం వస్తుంది. చెప్పాడు. విభూతిపాదమంతా అవే. అక్కడే, వ్యుత్థానదశలో అవి సిద్ధులుగా తోచినా సమాధికి అంతరాయాలేనని కూడా చెప్పాడు. వాటిని తీసుకొనిపోయి వేదిక మీద వేల జనం ముందు ప్రదర్శించేవాడు, అవి నిజంగా అతనికి ఉన్నప్పటికీ, యోగమార్గంలో ఆగిపోయినవాడే. లేనప్పుడు చెప్పనవసరమే లేదు. ఇంతకూ సిద్ధులు ఉండవచ్చుననే సంభావన ఫలానా వ్యక్తికి ఉన్నాయనే నిశ్చయానికి హేతువు కాదు. బంగారం లోకంలో ఉన్నది కనుక ఈ ఇత్తడి బంగారమేనంటే ఏ కంసాలి ఒప్పుకొంటాడు? చేతిలో మెరసిన ఆ ఉంగరం మాత్రం ఏదో ఒక కంసాలి కుంపటి దాటి వచ్చినదే.

ఇంతకన్న మృదువైన ఆక్షేపం ఇంకొకటి ఉంది, మంచివారు చేసేది: "ఆ విభూతిని చూచి నలుగురు నామస్మరణలో పడితే తప్పేమిటి?" తప్పు ఆ పునాదిలో ఉంది. గుళిక మీద నిలిచిన భక్తి గుళిక బయటపడిన రోజున కూలుతుంది, కూలుతూ దేవుణ్ణి కూడా తనతో లాగుకొనిపోతుంది. నాస్తికసభలలో తీవ్రంగా మాట్లాడేవారు కొందరు ఒకప్పుడు ఇటువంటి మహిమలకు సాష్టాంగపడినవారే. పడినవారికి ఎవరూ ఈశ్వరుడు జగత్కారణమని, సాక్షి అని, అరచేతి గారడీతో ఆయనకు సంబంధం లేదని చెప్పలేదు. ఇక హస్తలాఘవం బయటపెట్టినంత మాత్రాన ఈశ్వరుడు లేడని తేలిందనుకొనే హేతువాదులు కూడా అదే తప్పు చేస్తున్నారు: యోగ్యత లేనిచోట అభావాన్ని నిశ్చయిస్తున్నారు. వారి సంగతి అలా ఉంచుదాం. వారు మోసపోలేదు, తొందరపడ్డారు.

రహస్యం వెల్లడించడం కళాద్రోహమని వాపోయేవారూ ఉన్నారు. ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ 1584లో ప్రకటించిన గ్రంథంలో నాణేలు, గుండ్లు, పేకముక్కలతో చేసే యుక్తులన్నిటినీ విప్పి చెప్పాడు. మంత్రగత్తెలన్న నిందతో నిస్సహాయులైన స్త్రీలను ఉరితీస్తున్న కాలమది. అద్భుతమంతా పిశాచశక్తే అన్న మూఢనిశ్చయాన్ని సడలించడానికి అతడు అరచేతి రహస్యాలను బయటపెట్టాడు. గారడీ కళ దానితో నశించలేదు, అటుపై నాలుగు శతాబ్దాలు వర్ధిల్లింది.

శంకరభగవత్పాదులకు మాయావి అంటే ఎంత పరిచయమో భాష్యాలు చదివినవారికి తెలుసు. మాండూక్యకారికాభాష్యంలో ఒక ఐంద్రజాలికుడు ఆకాశంలోకి దారం విసరి, ఆయుధధారియై దానిపై ఎక్కి, కనుమరుగై, యుద్ధంలో ఖండఖండాలుగా తెగిపడి, తిరిగి లేస్తాడు. సూత్రభాష్యంలోనూ దారమెక్కిన ఆ మాయావికంటే నేల మీద నిలిచిన అసలు మాయావి వేరని దృష్టాంతం. ఆధునికకాలంలో ఈ త్రాటివిద్య విచిత్రంగా ప్రసిద్ధికెక్కింది. 1890లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక భారతదేశంలో దీనిని చూచినట్లు ఒక వార్త ప్రచురించి, కొన్ని నెలల తర్వాత అది కల్పితమేనని ఒప్పుకొంది. ఒప్పుకోలును ఎవరూ పట్టించుకోలేదు. 1934లో లండన్‌లోని మ్యాజిక్ సర్కిల్ బయలు ప్రదేశంలో దానిని చేసి చూపినవారికి 500 గినీల బహుమానం ప్రకటించింది. ఆ బహుమానం ఎవరికీ దక్కలేదు. చూడనిదానిని చూచామని సాక్ష్యం చెప్పినవారు మాత్రం కోకొల్లలు.

ఆచార్యులు ఆ దృష్టాంతంతో చెప్పదలచినది త్రాడు గొప్పతనం కాదు. త్రాడు మీద జరిగే యుద్ధంలో వివేకికి ఆసక్తి లేదు. త్రాడుకూ, దాని మీద ఎక్కినవానికీ అన్యంగా, మాయతో కప్పబడి కనబడకుండా నేల మీదనే నిలిచి ఉన్న ఆ మాయావి ఎవరన్నదే అతని చింత. ముముక్షువులకు సృష్టివైచిత్ర్యం మీద కాక పరమార్థం మీదనే ఆదరమని భాష్యం తేల్చింది. ఆ భాష్యాన్ని శిరసావహించే సంప్రదాయంలో పుట్టి, త్రాటివైపే నోరు తెరచుకొని చూడడం ఎంతటి విపర్యాసం!

ఆ విపర్యాసానికి మరొక ముఖం కూడా ఉంది. దశకుమారచరిత్ర పూర్వపీఠికలో విద్యేశ్వరుడన్న ఐంద్రజాలికుడు మాళవరాజైన మానసారుని ఎదుట రాజకుమార్తె అవంతిసుందరికి, రాజవాహనునికి వివాహం జరిగినట్లు చూపుతానంటాడు. రాజు సంతోషంగా చూస్తాడు. జరిగింది నిజమైన వివాహం. గారడీ ముగిసింది, మాయాపురుషులందరూ వెళ్లిపోవచ్చునని ప్రకటించగానే వరుడు అంతఃపురంలోకి నడచిపోతాడు. అబద్ధాన్ని నిజమని నమ్మడమే కాదు, కళ్లెదుట నిజం జరుగుతున్నా వినోదమని ఉపేక్షించడం కూడా అద్భుతాసక్తుని దుర్గతే. అద్భుతం కోసం ఎగబడే సభలో, మూలన కూర్చొని గీతాభాష్యం చెప్పే శ్రోత్రియుని ఎదుట పట్టుమని పదిమంది ఉండరు.

వేదిక మీది ఐంద్రజాలికుడు ప్రదర్శనకు ముందు ప్రేక్షకులలో ఒకరిని పైకి పిలుస్తాడు. చొక్కా చేతులు పైకి మడుస్తాడు, రెండు అరచేతులూ ఇరువైపులా త్రిప్పి చూపుతాడు, వ్రేళ్లు ఎడంగా విప్పుతాడు. అదీ యుక్తిలో ఒక భాగమే కావచ్చు. అయినా కనీసం పరీక్షను ఆహ్వానించే మర్యాద అందులో ఉంది. మహిమాన్వితుని సభలో ఎవరైనా లేచి, "స్వామీ, చేయి త్రిప్పడానికి ముందు అరచేతిని వెల్లకిల చేసి, వ్రేళ్లు విప్పి పది క్షణాలు చూపండి" అని వినయంగా ప్రార్థిస్తే సేవకులు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. చేయి చూపమని కోరినవానిని అంతదూరం తీసుకొనిపోయిన తర్వాత, మిగిలినవారిని తలలు వంచి నమస్కరించమంటారు. వేయి తలలు వంగుతాయి. గుళిక వ్రేళ్ల కొనలకు జారడానికి అంత వ్యవధి కూడా అవసరం లేదు.